'లైక్' కనిపించినంత మాత్రాన

ఈ రోజు సెలవు కావడంతో తీరిగ్గా బట్టలు మడతపెట్టుకుంటున్నాను. ఇంతలో మా అమ్మాయి ఇంగ్లీషు నోట్సు పట్టుకుని వచ్చి, రేపటి పరీక్షకు పార్ట్స్ ఆఫ్ స్పీచ్, ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ రెండూ తనను అడిగి చూడమంది. రెండు పేర్లలోనూ 'స్పీచ్' ఉండటంతో ఏవి భాషాభాగాలో, ఏవి అలంకారాలో అది తరచూ తారుమారు చేస్తుంది. నోట్సులో మొదటి వాక్యం 'షి లుక్స్ లైక్ హర్ మదర్'. ఇందులో ఉన్న అలంకారం ఏమిటని అది అడిగితే క్షణమైనా ఆలోచించకుండా సిమిలి, అంటే మన ఉపమాలంకారం, అని చెప్పేశాను. లైక్ గాని, యాజ్ గాని కనిపిస్తే సిమిలి అని రాసుకోమని చిన్నప్పుడు మాకు నేర్పారు. ఇన్నేళ్లుగా నేనూ అదే నమ్ముతున్నాను. అది బుద్ధిగా రాసుకుని, కలం ఆపి, "అమ్మా, కూతురు తల్లిలా ఉండటంలో అలంకారం ఏముంది?" అంది.

నా దగ్గర సమాధానం లేదు. చేతిలో ఉన్న బట్ట అలాగే పట్టుకుని ఆలోచిస్తుంటే, తెలుగు వ్యాకరణంలో వల్లెవేసిన నిర్వచనం గుర్తుకు వచ్చింది: ఉపమేయానికి (మనం వర్ణించే వస్తువుకు), ఉపమానానికి (దేనితో పోలుస్తామో దానికి) మనోహరమైన పోలిక చెబితే అది ఉపమాలంకారం. ఆ 'మనోహరమైన' అనే మాటను మేము పరీక్షలో చోటు నింపడానికే రాసేవాళ్లం గాని, అసలు నియమమంతా అందులోనే ఉందని ఇవాళ్టిదాకా నాకు తట్టలేదు. తల్లీ కూతుళ్లు ఒకే జాతివాళ్లు కనుక వాళ్ల ముఖాలు కలవడం ఉన్నమాట చెప్పడమే. ఆమె జుట్టు చీకటి నదిలా ఉందని అంటే మాత్రం, సంబంధం లేని రెండు వస్తువులను మనసు ఒకచోటికి తెచ్చింది కనుక అది సిమిలి అవుతుంది. 'నేను మా అక్క అంత పొడుగు' అని చెప్పడానికి ఇంగ్లీషులో యాజ్ రెండుసార్లు వచ్చినా అది కొలతే తప్ప అలంకారం కాదు. 'హి వర్క్స్ యాజ్ ఎ గార్డ్' అనే వాక్యంలోనైతే అసలు పోలికే లేదు. ఇందాక చెప్పిన జవాబు కొట్టేయమన్నాను. పిల్ల నా వైపు కాస్త అనుమానంగానే చూసింది.

తర్వాత మెటఫర్, అంటే 'లా', 'వలె' లాంటి మాట లేకుండా ఒకదాన్ని మరొకటిగా చెప్పే అలంకారం, వచ్చింది. ఐ. ఎ. రిచర్డ్స్ అనే ఆంగ్ల విమర్శకుడు 1936లో వెలువరించిన పుస్తకంలో, మెటఫర్‌లో దేని గురించి చెబుతున్నామో దానికి టెనర్ అనీ, దేనితో పోల్చి చెబుతున్నామో దానికి వెహికల్ అనీ పేర్లు పెట్టాడు. మన ఆలంకారికులు ఉపమేయం, ఉపమానం అనే మాటలతో ఆ పనిని శతాబ్దాల ముందే చేశారు కనుక, ఈ భాగం మా అమ్మాయికి తెలుగులో చెబితేనే సులువుగా ఎక్కింది. అలాగని మెటఫర్ అంటే రూపకమే అని చెప్పి ఊరుకోవడం కుదరదు. ఆమె జుట్టు చీకటి నది అంటే రెండింటికీ భేదం లేదని చెప్పినట్టే కనుక అది రూపకం, మెటఫర్ కూడా. అయితే 'షి స్వాలోడ్ హర్ యాంగర్' అన్నా ఇంగ్లీషువాళ్లకు మెటఫరే. అక్కడ ఉపమానం పేరైనా రాకుండా, క్రియ ఒక్కటే కోపాన్ని మింగదగిన వస్తువుగా మార్చేసింది. ఒకచోటి నుంచి మరొకచోటికి మోసుకుపోవడం అనే అర్థం గల గ్రీకు మాట నుంచి మెటఫర్ పుట్టిందని తెలిస్తే, దాని పరిధి రూపకం కంటే ఎందుకు పెద్దదో అర్థమవుతుంది.

భాషాభాగాల దగ్గరా అదే చిక్కు ఎదురైంది. 'ఫాస్ట్' ఏ భాషాభాగం అని అది అడిగితే, ఈసారి జాగ్రత్తపడి, ఏ వాక్యంలో అని ఎదురు అడిగాను. 'ఫాస్ట్ కార్' అన్నట్టు కారు అనే మాటకు ముందు నిలబడితే విశేషణం, ఆమె వేగంగా పరుగెత్తుతుంది అన్నప్పుడు క్రియా విశేషణం, ఉపవాసం ఉండటమనే అర్థంలో వస్తే క్రియ, ఉపవాసమే అయితే నామవాచకం. మాటను ఒంటరిగా నిలబెట్టి నువ్వెవరని అడిగితే అది చెప్పలేదు.

ఐఎన్‌జీతో ముగిసే మాటలకు మాత్రం తెలుగే మంచి గీటురాయి అని చెప్పాను. ఇంగ్లీషులో 'సింగింగ్' అనే ఒకే రూపం మూడు పనులు చేస్తుంది. తెలుగులోకి మార్చి చూస్తే 'పాడటం' వచ్చిన చోట జెరండ్ (నామవాచకంలా పనిచేసే క్రియారూపం), 'పాడే పక్షి' అని వచ్చిన చోట పార్టిసిపుల్ (విశేషణంలా పనిచేసే క్రియారూపం), 'పాడుతోంది' అని వచ్చిన చోట ఈజ్‌తో కలిసిన క్రియ. ఈ చిట్కా నాకు బాగా నచ్చింది, దానికీ నచ్చింది, కాని పది నిమిషాలైనా నిలవలేదు. 'స్లీపింగ్ బ్యాగ్' అంటే పడుకునే సంచి కదా, అయితే అదీ పార్టిసిపులేనా అని అడిగి, "సంచి పడుకుంటుందా?" అని తనే పకపకా నవ్వింది. అది పడుకోవడానికి వాడే సంచి కనుక అక్కడున్నది జెరండ్. మన 'పడుకునే' కూడా రెండు అర్థాలనూ ఒకే ముఖంతో మోస్తుందని నేను గమనించుకోలేదు.

దగ్గర దగ్గరగా ఉన్న మాటలు ఒకే ధ్వనితో మొదలయ్యే ఎలిటరేషన్ ఒక్కటే గొడవ లేకుండా గడిచింది. అది శబ్దానికి సంబంధించినదే గాని అక్షరానికి కాదనీ, అందుకే సిటీ, క్యాట్ రెండూ ఇంగ్లీషులో ఒకే అక్షరంతో మొదలైనా అవి కలవవనీ, వేర్వేరు అక్షరాలతో రాసే ఫోన్, ఫ్యాన్ కలుస్తాయనీ చెబితే చాలింది.

రాత్రి పుస్తకాలు సర్దుకుంటూ గోడ వైపు చూసి, ఇంగ్లీషువాళ్లు గడియారానికి చేతులు ఉన్నాయంటారు కదా, అది పర్సానిఫికేషన్, అంటే ప్రాణం లేనిదాన్ని మనిషిలా చెప్పడం, అవుతుందా అని అడిగింది. ఒకప్పుడు పోలికగానే పుట్టినా, వాడి వాడి చివరికి ఉత్త పేరుగా మిగిలిపోయిన ఇలాంటి వాటిని డెడ్ మెటఫర్ అంటారని చెప్పాను. "మరి మనకు చేతులు కాదు, ముళ్లు కదా!" అంది. నిజమే, చిన్న ముల్లు, పెద్ద ముల్లు అని వేల సార్లు అని ఉంటాను గాని, అందులో గుచ్చుకునే ముల్లు ఉన్న సంగతి నాకు ఈ రాత్రి దాకా కనిపించలేదు. అప్పటికి చిన్న ముల్లు పది దాటింది. దీపం ఆర్పి పడుకోమన్నాను.