‘ట్యాంక్‌బండ్’లో అక్షరాలెన్ని? ఫోన్ గేమ్‌లో తెలుగు పెట్టిన అనుభవం

హైదరాబాదులోని పేటలు, స్టేషన్ల పేర్లతో గళ్లనుడికట్టు లాంటి ఆట ఒకటి ఫోన్‌కి చేశాను. మియాపూర్‌లో మెట్రో ఎక్కినవాళ్లు ఎల్బీనగర్‌లో దిగేలోపు రెండు మూడు గళ్లపలకలు పూర్తి చేసుకోగల చిన్న ఆట. ఆట నియమాలు రాయడం సులువుగానే అయిపోయింది. పనంతా ఒక్కచోటే పట్టింది: తెలుగు అక్షరాన్ని ఆట కూడా అక్షరంగానే చూసేలా చేయడం. తెలుగులో ఆట చేయబోయేవాళ్లకు మళ్లీ మొదటినుంచీ వెతుక్కునే పని తప్పాలని ఆ వివరాలన్నీ రాస్తున్నాను.

మొదటి చిక్కు తెర మీదే కనిపిస్తుంది. ‘చార్మినార్’ అని ఇస్తే మ వత్తు కింద పడదు. ర మీద పొల్లు, పక్కన విడిగా మి వస్తాయి. ‘ర్మి’ అంటే, ప్రతి గుర్తుకూ కంప్యూటర్లు వాడే నంబరు ఒకటి ఇచ్చే యూనికోడ్‌లో నాలుగు సంకేతాలు: ర, పొల్లు, మ, గుడి. మ వత్తు బొమ్మ ఫాంటు లోపల ఉంటుంది కానీ దానికంటూ సంకేతం ఉండదు. ఫాంటులోని జీసబ్ అనే పట్టిక చదివి, ఏ వరుసకు ఏ బొమ్మ వేయాలో తేల్చే షేపింగ్ ఇంజిన్ కావాలి. ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్. ఆటను తయారు చేసే సాఫ్ట్‌వేర్, అంటే గేమ్ ఇంజిన్ మాత్రం ఫోన్ గీసిన అక్షరాలను తీసుకోదు, తన అక్షరాలు తనే గీసుకుంటుంది. వాట్సాప్‌లో చక్కగా కనిపించే పేరు ఆటలో విరిగిపోయేది అందుకే.

నేను మొదట వాడిన ఇంజిన్‌లో ఒక సంకేతానికి ఒక బొమ్మ అన్న లెక్కే ఉండేది. అక్కడ వత్తులను చేరే దారే లేదు. ప్రతి మాటనూ బొమ్మగా చేసి పెట్టవచ్చు, కానీ దాన్ని గళ్లలోకి విడగొట్టలేం. డీటీపీలో వాడే పాత ఫాంట్లతో కూడా అతికించవచ్చు, కానీ అప్పుడు లోపలున్నది తెలుగే కాదు, ఏవో ఇంగ్లిష్ గుర్తులు. పోల్చడానికీ వెతకడానికీ పనికిరావు. ఈ రెండు దారులూ వద్దనే చెబుతాను. 2023 మార్చిలో వచ్చిన గోడో 4 అన్న గేమ్ ఇంజిన్‌లో హార్ఫ్‌బజ్ లోపలే ఉంది, అందుకే దానికి మారాను. అక్కడొక జాగ్రత్త. ఏపీకే (ఆటను ఫోన్‌లో ఎక్కించే ఫైలు) సైజు తగ్గిద్దామని ఎక్స్‌పోర్ట్ టెంప్లేట్‌ను సొంతంగా బిల్డ్ చేసేటప్పుడు హార్ఫ్‌బజ్‌ను వాడే అడ్వాన్స్‌డ్ టెక్స్ట్ సర్వర్‌ను తీసేసి, సాదాదైన ఫాల్‌బ్యాక్‌ను ఉంచితే షేపింగ్ మొత్తం పోతుంది. ఎడిటర్‌లో బాగుండి ఫోన్‌లో వత్తులు విడిపోతున్నాయంటే ముందు చూడాల్సింది అదే.

ఫాంట్లలో మామూలు పాఠానికి మండలి, శీర్షికలకు రామభద్ర వాడాను. రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్సువి కాబట్టి ఆటలో కలిపి ఇవ్వవచ్చు. లైసెన్సు పాఠం కూడా ఆటతోపాటు ఉండాలి. ఫాంటు ఫైలును చిన్నది చేసే సాధనాల్లో కొన్ని జీసబ్ పట్టికను కూడా కోసేస్తాయి. అందుకే కొత్త ఫాంటు ఏది తెచ్చినా ముందు ‘రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, కృష్ణ, సాఫ్ట్‌వేర్’ అన్న వరుసను తెర మీద పెట్టి చూస్తాను. ‘రాష్ట్రం’లో ష కింద రెండు వత్తులున్నాయి. ఇంగ్లిష్ కొలతతో చేసిన బటన్‌లో ఆ కింది వత్తు తెగిపోతుంది. 32 పిక్సెళ్ల ఫాంటుకు బటన్ ఎత్తు కనీసం 56 పెట్టాక నాకు ఏ మాటా తెగలేదు.

అసలు పని గళ్ల దగ్గర మొదలవుతుంది. ‘చార్మినార్’ పొడవెంత అని ప్రోగ్రామ్‌ను అడిగితే 10 అంటుంది. మనకు చా, ర్మి, నా, ర్ అని నాలుగు గళ్లు. ‘గోల్కొండ’కు ప్రోగ్రామ్ లెక్క 8, మన లెక్క గో, ల్కొం, డ అని మూడు. ఇలా విడగొట్టే ఫంక్షన్ గోడోలో ఒకటుంది గానీ, అలాంటివన్నీ యూనికోడ్ నియమాల మీద ఆధారపడతాయి. సంయుక్తాక్షరాన్ని పొల్లు దగ్గర విరగ్గొట్టకూడదన్న నియమం తెలుగుకు వర్తించింది 2023లో వచ్చిన 15.1 కూర్పుతోనే. లోపల పాత కూర్పు ఉంటే ‘ర్మి’ రెండు ముక్కలవుతుంది. ఇంజిన్ కూర్పు మారినప్పుడల్లా గళ్లు మారిపోవడం నాకు ఇష్టం లేక సొంత ఫంక్షన్ రాసుకున్నాను. పాతిక వరుసలు కూడా లేదు.

అది సంకేతాల నంబర్లను ఒక్కొక్కటిగా చూస్తుంది. తెలుగుకు యూనికోడ్ ఇచ్చిన చోటు దశాంశంలో 3072 నుంచి 3199 వరకు. వచ్చినది అరసున్న, సున్న, విసర్గల్లో ఒకటైతే, అంటే 3073 నుంచి 3075లోపు ఉంటే, ముందున్న గడిలోనే చేరుతుంది. గుణింతపు గుర్తు అయినా పొల్లు అయినా, అంటే 3134 నుంచి 3149లోపు ఉన్నా, అంతే. 3157, 3158 కూడా ఆ జాబితాలోవే, కింద చెప్పబోయే 8204 కూడా. వచ్చినది హల్లు అయి, దానికి సరిగ్గా ముందున్నది పొల్లు, అంటే 3149 అయితే, అదీ ముందు గడిలోనే. హల్లులు 3093 నుంచి 3129 వరకు, పాత చ, జలతో కలిపి 3160 నుంచి 3162 వరకు. ఇవేవీ కాకపోతే కొత్త గడి. చివర పొల్లు హల్లు మిగిలితే దానికి విడిగా గడి ఇచ్చాను. ఛందస్సులో దాన్ని ముందక్షరంతో కలుపుతారు కానీ, నుడికట్టు పూరించేవాళ్లు ‘హైదరాబాద్’కు ఐదు గళ్లే లెక్కపెడతారు.

ఇక ‘ట్యాంక్‌బండ్’. ట్యాం, క్, బం, డ్ అని నాలుగు గళ్లు రావాలి. క్ తర్వాత 8204 నంబరున్న కనిపించని గుర్తు ఒకటుంది. పొల్లును పొల్లుగానే నిలబెట్టి, తర్వాతి హల్లు వత్తుగా మారకుండా ఆపేది అదే. అది లేకపోతే మాట ‘ట్యాంక్బండ్’ అవుతుంది, గళ్లు మూడే అవుతాయి, అడ్డం నిలువు మాటలు కలిసే చోటు తప్పుతుంది. ‘అమీర్‌పేట’ కూడా అంతే: ఐదు గళ్ల మాట నాలుగుకు పడిపోతుంది. పేర్ల జాబితా ఎక్సెల్ నుంచి వచ్చేటప్పుడు కనిపించని గుర్తులన్నిటినీ తుడిచే స్క్రిప్టు ఒకటి పెట్టాను, అది 8204ను కూడా తుడిచేసింది. తుడవాల్సినవి 8203, ఫైలు మొదట్లో అంటుకునే 65279. 8204ను ముట్టుకోకూడదు.

దాన్ని ఉంచాక ఇంకో చిక్కు. 8204 ముందు గడిలోనే చేరుతుంది కాబట్టి ‘ట్యాంక్‌బండ్’ నుంచి వచ్చిన క్‌లో అది దాగి ఉంటుంది, ‘బ్యాంక్’ చివరి క్‌లో ఉండదు. కంటికి రెండూ ఒకటే. ఆటగాడు గడిలో సరైన అక్షరపు బిళ్ల పెట్టినా తప్పని చూపిస్తుంది. దీనికి మందు ఏమిటంటే, గళ్లుగా విడగొట్టే పని పూర్తయ్యాకే ప్రతి గడి నుంచీ 8204 తీసేయాలి. ముందు తీస్తే విడగొట్టడమే చెడుతుంది. జవాబును కూడా మాటగా కాక గడికి గడిగా పోల్చాలి. బిళ్లలను కలిపి మాటగా చూపించేటప్పుడు, ఒక బిళ్ల పొల్లుతో ముగిసి తర్వాతిది హల్లుతో మొదలైతే మధ్యలో 8204 మళ్లీ పెట్టాలి.

పోల్చే చోట ‘హై’ కూడా ఇబ్బంది పెడుతుంది. ఐత్వానికి 3144 అన్న ఒకే సంకేతం ఉంది. ఎత్వం 3142, కింది గుర్తు 3158 కలిపినా అదే అక్షరం. రెండు రకాలుగా టైపైన ‘హైదరాబాద్’లు పక్కపక్కనే ఉన్నా కంటికి తేడా తెలియదు, ప్రోగ్రామ్‌కు మాత్రం అవి వేర్వేరు మాటలు. పైథాన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో జాబితా మొత్తాన్ని ఎన్‌ఎఫ్‌సీ రూపానికి, అంటే ఇలాంటి జంటలను ఒకే సంకేతంగా కలిపే రూపానికి మార్చాక ఇది తీరింది. అదే స్క్రిప్టులో ఇంకొకటి చూడాలి: సున్న బదులు తెలుగు అంకె సున్న పడడం. ‘బేగంపేట’లో 3074 ఉండాల్సిన చోట 3174 ఉంటే గడి ఒకటి ఎక్కువవుతుంది. మాటల్లో 3174 నుంచి 3183లోపు ఏది కనిపించినా ఆగిపొమ్మని రాశాను.

ఆటలో సూచనలు ఖాళీ నింపే వాక్యాలుగా ఉండేవి: ఫలానా చోటు‘లో’ దిగండి, ఫలానా చోటు‘కు’ వెళ్లండి. పేరు తర్వాత నేరుగా ‘లో’ తగిలిస్తే ‘సికింద్రాబాద్లో’ అని ద కింద ల వత్తు పడుతుంది. పేరు పొల్లుతో ముగిస్తే 8204 చేర్చాక ‘సికింద్రాబాద్‌లో’ అయింది. కానీ కు, కి సంగతి అలా తేలదు. బేగంపేటకు, నాంపల్లికి, కోఠికి: ఇకారంతో ముగిస్తే కి అని నియమం రాయవచ్చు. ఆటలోని వస్తువుల దగ్గర ఆ నియమం నిలవదు. పుస్తకం పుస్తకాన్ని అవుతుంది, ఊరు ఊరికి, ఇల్లు ఇంట్లో, రాయి రాతికి. నియమాలు పెంచుకుంటూ పోవడం మానేసి, ప్రతి పేరుకూ నాలుగు రూపాలు పట్టికలోనే రాసిపెట్టాను: పేరు, ని లేదా ను, కి లేదా కు, లో. రెండు వందల పేర్లకు ఒక పూట కూర్చుంటే అయిపోయింది. బహువచనానికి ఇంకో గడి: 1 నాణెం, 2 నాణేలు.

చివరిది, సంభాషణ ఒక్కో అక్షరంగా తెర మీద పడే పద్ధతి. గోడోలో తెర మీద పాఠం చూపించే లేబుల్‌కు విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్ అన్న అమరిక ఉంది. దాన్ని మొదట ఉన్నట్టే వదిలేస్తే షేపింగ్‌కు ముందే కత్తిరిస్తుంది: ‘క్షేమం’ అన్నప్పుడు క, క్, క్ష, క్షే అని అక్షరం నాలుగుసార్లు వేషం మారుస్తుంది, కళ్లు చెదురుతాయి. ఆఫ్టర్ షేపింగ్‌కు మారిస్తే ఆ రూపాల మార్పు ఆగుతుంది. నడక మాత్రం ఇంకా సంకేతాల లెక్కే కాబట్టి వత్తులున్న చోట తడబడుతుంది. అందుకని పైన చెప్పిన ఫంక్షన్‌తోనే అక్షరం ఎక్కడ ముగుస్తుందో లెక్కకట్టి, సెకనుకు 12 అక్షరాల చొప్పున ఆ హద్దుల మీదే ఆపుతున్నాను. కీబోర్డు టక్కుమనే శబ్దం కూడా సంకేతానికి కాక అక్షరానికి ఒకటే కట్టాను.