క్లిప్పు మీద 98 కనిపిస్తున్నా

నాన్నకి హెర్నియా ఆపరేషన్ చేసిన రోజు పొద్దున్నే, ఓటీలోకి తీసుకెళ్ళేలోపు నాలుగుసార్లు ఆయన పేరు అడిగారు. వార్డులో నర్సు అడిగింది, స్ట్రెచర్ తోసే అబ్బాయి అడిగాడు, లిఫ్టు దగ్గర ఇంకెవరో అడిగారు, ఓటీ తలుపు దగ్గర సిస్టర్ చేతికున్న బ్యాండు తిప్పి చూసి మళ్ళీ పేరడిగి, "ఏ వైపండీ ఆపరేషన్?" అని కూడా అడిగింది. అప్పటికే కుడి గజ్జ పైన నల్ల మార్కర్‌తో బాణం గుర్తు గీసి ఉంది. నాన్నకి విసుగొచ్చేసింది. "అన్నీ రాసుకున్నారు కదమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి" అన్నారు. నాకేమో వాళ్ళు అడిగిన ప్రతిసారీ కాస్త ప్రాణం కుదుటపడింది, ఎందుకంటే ముందురోజు రాత్రంతా ఆయన మంచం పక్కన కూర్చుని నేను చదివింది రాబిన్ కుక్ రాసిన మెడికల్ థ్రిల్లర్ 'కోమా'.

క్యారేజీ తెచ్చిన పిన్ని ఆ పుస్తకం చూసి, అట్ట మీద బొమ్మ చూసి, "ఆస్పత్రిలో కూర్చుని ఇదేం చదువే తల్లీ, భయం వెయ్యట్లేదా?" అంది. వేస్తోంది. అయినా వదలబుద్ధి కాదు. ఎందుకో ఆవిడకి సరిగ్గా చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ చెప్పే ప్రయత్నం చేస్తున్నాను.

నా దగ్గరున్న 'కోమా' అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత కాపీ, ఎప్పటికప్పుడు మళ్ళీ తీస్తుంటాను. 1977లో వచ్చిన నవల. బోస్టన్‌లో ఒక పెద్ద ఆస్పత్రి, చిన్న చిన్న ఆపరేషన్ల కోసం చేరిన ఆరోగ్యంగా ఉన్న మనుషులు, మత్తు ఇచ్చాక ఇక లేవరు. దెయ్యం లేదు, పాడుబడ్డ బంగళా లేదు. దీపాలన్నీ వెలుగుతున్న గదిలో, పదిమంది చదువుకున్నవాళ్ళ కళ్ళముందే, అంతా పద్ధతి ప్రకారం జరుగుతుండగానే జరుగుతుంది. మామూలు థ్రిల్లర్‌లో మనిషి అర్ధరాత్రి ఒంటరిగా వెళ్ళకూడని చోటికి వెళ్తాడు, మనం "వెళ్ళకురా" అనుకుంటాం. ఇక్కడ మనమే సంతకం పెట్టి, డబ్బు కట్టి, నగలు తీసి ఇంట్లోవాళ్ళ చేతికిచ్చి, కట్టుడు పళ్ళు తీసేసి, కళ్ళు మూసుకుంటాం. ఆ కళ్ళు మూసుకోవడం అందరికీ ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. మనకి తప్పని చోట భయం పెట్టాడు కాబట్టే దాని పట్టు అలా ఉంటుంది.

చదవనివాళ్ళు ఈ పేరా, దీని తర్వాతది దాటేయండి, అసలు గుట్టు చెప్పేస్తున్నాను. ఆ నవలలో ఒక ఆపరేషన్ థియేటర్‌కి వెళ్ళే ఆక్సిజన్ గొట్టంలోకి కార్బన్ మోనాక్సైడ్ కలుపుతారు. రచయిత స్వయంగా కంటి డాక్టరు, ఆ విషవాయువుని ఊరికే ఎంచుకోలేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. మామూలుగా ఆక్సిజన్ తగ్గితే రక్తం నల్లబడుతుంది, పెదాలు నీలంగా మారతాయి, సర్జన్‌కి కత్తి దగ్గరే తెలిసిపోతుంది. ఇదేమో రక్తాన్ని ఎర్రగానే ఉంచుతుంది. లోపల మెదడుకి ఊపిరి అందట్లేదు, పైకి మాత్రం మనిషి బాగానే కనిపిస్తాడు.

ఇప్పుడు వేలికి పెట్టే క్లిప్పు ఉందిగా అనిపిస్తుంది కదా. కరోనా రోజుల్లో పల్స్ ఆక్సీమీటర్ మనలో చాలామంది ఇళ్ళలోకి వచ్చింది, 94 కంటే తగ్గితే ఎంత టెన్షన్ పడ్డామో గుర్తుండే ఉంటుంది. దాని వెనకున్న సూత్రాన్ని జపాన్‌లో తకువో అయోయాగి 1970లలో కనిపెట్టాడు, ఆపరేషన్ థియేటర్లలో అది మామూలైంది 1980లలో, అంటే ఈ నవల వచ్చాకే. అయితే నాకు ఒళ్ళు జలదరించిన సంగతి ఇంకొకటి. మామూలు క్లిప్పుకి ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కీ కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కీ తేడా తెలియదు. లోపల మనిషి పోతున్నా 98 అనే చూపించగలదు. ఆ విషవాయువు పేజీ దగ్గర పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నాన్న వైపు చూశాను. ఆయన నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్నారు, చూపుడువేలికి క్లిప్పు, దాని ఎర్ర వెలుతురు గోరులోంచి కనిపిస్తోంది, మానిటర్ మీద 98. లేచి వెళ్ళి చెయ్యి ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది. మెడికల్ థ్రిల్లర్ నాకు ఇచ్చేది ఇదే, పుస్తకం మూసేశాక కూడా అందులోని విషయం మన ఇంటి మనిషి వేలికి అంటుకుని ఉంటుంది.

పిన్ని అడిగినదానికి ఇంకో కోణం ఉంది, అది నేను తేలిగ్గా తీసుకోను. ఇలాంటివి చదివి జనం అవయవదానం అంటేనే జడుసుకుంటారేమో? 'కోమా'లో ఆ మనుషుల అవయవాలు అమ్ముకుంటారు. ఆ నవల వచ్చేనాటికి బ్రెయిన్ డెత్ (మెదడు ఇక కోలుకోలేనంతగా చచ్చిపోవడం) అనే మాట కూడా కొత్తదే, హార్వర్డ్ కమిటీ దానికి లక్షణాలు రాసిపెట్టింది 1968లో. గుండె కొట్టుకుంటుంటే చనిపోయారని ఎలా అంటారు అన్న అనుమానం అప్పుడు అమెరికాలోనూ ఉంది, ఇప్పుడు మన ఇళ్ళలోనూ ఉంది. పేపర్లో 'కిడ్నీ రాకెట్' అన్న హెడ్డింగ్ చూసినప్పుడల్లా ఆ అనుమానం ఇంకాస్త ముదురుతుంది.

నా విషయంలో మాత్రం ఆ భయమే నన్ను చట్టం దాకా తీసుకెళ్ళింది. మన దేశంలో 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం బ్రెయిన్ డెత్ అని ఒక్క డాక్టరు తేల్చేస్తే చెల్లదు. నలుగురు డాక్టర్ల బోర్డు సంతకం పెట్టాలి, పరీక్షలు కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు చెయ్యాలి, ఆ నలుగురిలో అవయవం మార్చే టీమ్‌వాళ్ళు ఎవరూ ఉండకూడదు. నవలలో ఏ తలుపు తెరుచుకుని ఉండబట్టి అంత ఘోరం జరిగిందో, సరిగ్గా ఆ తలుపుకే ఇక్కడ గొళ్ళెం పెట్టారు. అది చదివాకే నేను అవయవదాతగా జీవన్‌దాన్‌లో పేరు రాయించుకున్నాను. భయపడకుండా రాయించుకున్నదానికంటే, భయపడి, తెలుసుకుని రాయించుకున్నందుకు నాకు ఎక్కువ తృప్తిగా ఉంది.

క్లూ మనిషి ఒంట్లోనే ఉండటం నాకు ఇంకో ఇష్టం. మైకేల్ క్రైటన్ (ఆయనా డాక్టరీ చదివినవాడే, హార్వర్డ్‌లో, 'కోమా'ని సినిమాగా తీసింది కూడా ఆయనే) 1969లో రాసిన 'ది ఆండ్రోమెడా స్ట్రెయిన్'లో అరిజోనాలోని ఒక చిన్న ఊరు ఊరంతా చచ్చిపోతుంది, మిగిలింది ఇద్దరే, ఒక ముసలాయన, ఒక పసిబిడ్డ. వీళ్ళిద్దరికీ పోలికేంటి? ముసలాయనకి కడుపులో పుండు, దానికి గుప్పెళ్ళకొద్దీ ఆస్పిరిన్ మింగుతూ స్పిరిట్ తాగే అలవాటు, దాంతో రక్తంలో ఆమ్లం పెరిగింది. బిడ్డేమో గుక్కపట్టి ఏడుస్తూనే ఉంది, అలా వేగంగా ఊపిరి తీసీ తీసీ ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి రక్తం క్షారం వైపు జరిగింది. ఆ క్రిమి బతకడానికి కావలసిన మామూలు రక్తం ఇద్దరిలోనూ లేదు. ఏడుపే బిడ్డని కాపాడింది! మొదటిసారి చదివినప్పుడు మా అక్క కొడుకు పక్కగదిలో ఏడుస్తున్నాడు, లేచి ఎత్తుకోకుండా రెండు నిమిషాలు వాడి ఊపిరి వింటూ ఉండిపోయాను.

అన్నిటికంటే నేను ఈ నవలల్ని ప్రేమించేది, పసిగట్టే మనిషి ఎప్పుడూ కింది మెట్టు మీదే ఉంటుంది కాబట్టి. 'కోమా'లో సుసాన్ వీలర్ మెడికల్ స్టూడెంట్. ఆవిడ అడిగే ప్రశ్నకి పెద్ద డాక్టర్లు మొదట నవ్వుతారు, తర్వాత విసుక్కుంటారు, తర్వాత నీ చదువు పోతుంది జాగ్రత్త అంటారు. ఆస్పత్రిలో పొద్దుటి రౌండ్స్ చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. ముందు పెద్దాయన, వెనక ఎనిమిది తెల్లకోట్లు, చిట్టచివర ఫైళ్ళు మోస్తున్న అమ్మాయి. పేషెంటు ముఖంలోకి చూసేది చాలాసార్లు ఆ చివరి అమ్మాయే.

మా అమ్మమ్మని ఒక ఆస్పత్రిలో చేర్చినప్పుడు ఆవిడకి సల్ఫా మందులు పడవని మేం చేరేటప్పుడే చెప్పాం. కేస్ షీట్లోకి అది ఎక్కలేదు. రాత్రి రెండింటికి మాత్ర తెచ్చిన నర్సు, చూస్తే ఇరవై రెండేళ్ళు కూడా ఉండవు, చేతిలో గ్లాసు పట్టుకుని ఆగి "ఇది ఇంతకుముందు వాడారా అమ్మమ్మగారూ?" అని అడిగింది. అంతే. ఆ ఒక్క మాటకి అమ్మమ్మ బతికిందని నేను అనను, కానీ ఆ అమ్మాయి ముఖం నాకింకా గుర్తుంది, ఏ నవలలో కింది మెట్టు మనిషి ప్రశ్న వేసినా ఆ ముఖమే కనిపిస్తుంది.

తుపాకులు, కార్లు, చివరి యాభై పేజీల పరుగులు నాకు అక్కర్లేదు, అవి వచ్చేసరికి పేజీలు తిప్పేస్తాను. విలన్ నిలబడి తన పథకమంతా వివరించడం కూడా అంతే.

తెలుగులో డాక్టరైన కొమ్మూరి వేణుగోపాలరావుగారు ఎప్పుడో 'హౌస్ సర్జన్' రాశారు. అది థ్రిల్లర్ కాదు, కానీ కథ లోపల్నుంచి చెప్పారు, డాక్టరుకే తెలిసే విషయాలతో. అలాంటి మనిషి ఇప్పుడు ఒక థ్రిల్లర్ రాస్తే బాగుండునని ఎన్నాళ్ళనుంచో నా కోరిక. పెద్దాస్పత్రిలో నైట్ డ్యూటీ, మెట్ల మీద పేపర్లు పరుచుకుని పడుకున్న అటెండెంట్లు, కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు ఆ కొన్ని సెకన్లు, చీటీ పట్టుకుని బయట మందుల షాపుకి పరిగెత్తే ఒక కొడుకు. నిద్రలేని పీజీ అమ్మాయి ఒకతి రిజిస్టర్ తిరగేస్తూ, ఒకే మంచం నంబరు నెలలో మూడోసారి ఎందుకు ఖాళీ అయిందా అని ఆగాలి. అక్కణ్ణుంచి మొదలుపెట్టండి డాక్టర్లెవరైనా, నేను మొదటి కాపీ కొంటాను.