టార్న్ లోయలో ఎంటీబీ (కొండ సైక్లింగ్): కిలోమీటర్లు పక్కన పెట్టి ఎత్తు లెక్కేసుకోండి

టార్న్ లోయకు సైకిల్ ట్రిప్ వేసుకునే బెంగళూరు వాళ్లు ముందుగా అడిగేది "రోజుకు ఎన్ని కిలోమీటర్లు?" అని. అడగాల్సింది "ఎన్ని మీటర్లు ఎక్కాలి?" అని. నది ఒడ్డున చల్లగా, చదునుగా తొక్కుకుంటూ పోవచ్చనే ఊహ ఇక్కడ పనికిరాదు. దక్షిణ ఫ్రాన్స్‌లోని ఈ లోయ అడుగున నది, దాని పక్కనే ఇరుకు తారు రోడ్డు, అక్కడక్కడా ఓ రాతి ఊరు, అంతే. ఆ పైన రెండు వైపులా 400 నుంచి 500 మీటర్ల సున్నపురాయి గోడలు. మంచి ట్రైల్స్ అన్నీ ఆ గోడల పైనున్న పీఠభూముల మీదే. వాటిని అక్కడ కోస్ అంటారు. దక్షిణాన కోస్ మెజాన్, ఉత్తరాన కోస్ ద సోవ్‌తేర్. ఏ రూటు తీసుకున్నా ఎక్కడం, పైన తిరగడం, దిగడం తప్పవు.

ఎత్తు విషయంలో మనకో సౌకర్యం ఉంది. బెంగళూరు దాదాపు 900 మీటర్ల మీద ఉంది. కోస్ మెజాన్ 800 నుంచి 1200 మీటర్ల మధ్య. గాలి పల్చబడి ఆయాసం వస్తుందన్న బెంగ అక్కర్లేదు. లోయలోంచి పైకి ఎక్కడం ఇంచుమించు బెంగళూరు దగ్గరి నందికొండ (నంది హిల్స్) ఘాట్ అంతే. కాకపోతే తారు కాదు, కంకర దారి. రోజులో అలాంటివి రెండు పెట్టుకుంటే 900 మీటర్లు అయిపోతుంది, అదే చాలు.

సమయానికి మేం వాడే లెక్క ఇది: మట్టిదారిలో గంటకు 12 కి.మీ., పైగా ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకు 12 నిమిషాలు. 30 కి.మీ., 900 మీటర్ల రూటైతే రెండున్నర గంటలు ప్లస్ గంటా 48 నిమిషాలు, అంటే నాలుగుంబావు. మధ్యలో ఆగడం, ఫొటోలు, పంక్చర్లు దీనికి అదనం. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగు ఉంటుంది కాబట్టి హడావిడి పడక్కర్లేదు. ఎండ మాత్రం సాయంత్రం వరకూ తగ్గదు.

ముందు చైన్‌రింగ్ 30 పళ్లు, వెనక పెద్ద పళ్లచక్రం 51, టైరు 29 అంగుళాలు అయితే నిమిషానికి 60 పెడళ్ల వేగంతో గంటకు దాదాపు 5 కి.మీ. వస్తుంది. 9 శాతం వాలుకు అది సరిపోతుంది. 34 పళ్ల రింగుతో ఎక్కేవాళ్లూ ఉన్నారు. కానీ మధ్యాహ్నం రెండో ఎక్కుడులో మోకాళ్లే దాని ధర కడతాయి.

అసలు పరీక్ష దిగుడే. మనిషి, సైకిల్, సామాను కలిపి 100 కిలోలు అనుకుందాం. 500 మీటర్లు దిగితే వదిలే శక్తి దాదాపు 490 కిలోజౌళ్లు. లీటరున్నర మామూలు నీళ్లను మరిగే వేడికి తెచ్చేంత. అందులో ఎక్కువ భాగం రెండు చిన్న డిస్కుల మీద పడుతుంది. భయంతో బ్రేకు సగం పట్టుకునే దిగితే డిస్కుకు చల్లారే వ్యవధి ఉండదు. ప్యాడ్ల పైపొర గాజులా గట్టిపడి పట్టు పోతుంది. పాత నూనెలో తేమ చేరి ఉంటే కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) దగ్గర ఆవిరై, లివర్ హ్యాండిల్‌బార్ దాకా వచ్చేస్తుంది. అందుకే తిన్నటి ముక్కలో గట్టిగా, కొద్దిసేపు పట్టి వదిలేయాలి. మలుపులోకి దాదాపు వదిలిన బ్రేకుతో రావాలి. వెనక చక్రం లాక్ చేసి జారించడం వద్దు. కంకర కొట్టుకుపోతుంది, అదే దారిలో నడిచేవాళ్లకు గుంతలు మిగులుతాయి.

ముందు 200, వెనక 180 మి.మీ. డిస్కులు ఉన్న సైకిల్ అడిగి తీసుకోండి. ప్యాడ్లు మెటాలిక్ రకం అయితే వేడికి నిలుస్తాయి, కొంచెం అరుస్తాయి, అరవనివ్వండి. పట్టు పదార్థం మందం 1 మి.మీ. దగ్గరికి వచ్చిందంటే బయల్దేరేముందే మార్పించాలి.

ఇంకోటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. మన దగ్గర అమ్మే సైకిళ్లలో ఎక్కువగా కుడి లివర్ ముందు బ్రేకు. ఫ్రాన్స్ సైకిళ్లలో ముందు బ్రేకు ఎడమ చేతికి ఉంటుంది. కంగారులో చెయ్యి పాత అలవాటుకే పోతుంది, వెనకది అనుకుని ముందుది నొక్కితే హ్యాండిల్ మీదుగా ఎగిరి పడటమే. బుక్ చేసేటప్పుడే గొట్టాలు మార్చి పెట్టమని అడగండి. హైడ్రాలిక్ బ్రేకులు మార్చాలంటే గొట్టాలు ఊడదీయాలి, ఒక్కోసారి గాలి కూడా తీయాలి, కౌంటర్ దగ్గర నిలబెట్టి చేయించే పని కాదు. మార్చకపోతే మొదటిరోజు గంటసేపు చదునులోనే తొక్కి చేతికి అలవాటు చేయండి. రోడ్డు మీద కుడివైపు నడపాలన్నదీ దీనికి తోడు.

టైర్ల సంగతి. కోస్ మీది రాళ్లు గుండ్రంగా ఉండవు, చీలికలుగా, అంచులతో ఉంటాయి. పలచటి పక్కగోడ ఉన్న టైరు సగం పూటలో కోసుకుపోతుంది. గట్టి కేసింగ్, 2.4 అంగుళాల వెడల్పు, ట్యూబ్‌లెస్. 75 కిలోల మనిషికి ముందు 23, వెనక 26 పీఎస్ఐతో మొదలుపెట్టండి. రిమ్ము రాయికి తగిలిన 'టక్' శబ్దం వినిపిస్తే వెనక ఇంకో 2 పెంచాలి. 29 అంగుళాల టైరుకు సీలెంట్ (లోపల పోసే, చిల్లులు పూడ్చే ద్రవం) 100 నుంచి 120 మి.లీ. కావాలి. సొంత సైకిల్ పట్టుకెళ్తుంటే గుర్తుంచుకోండి, బెంగళూరు ఎండాకాలంలో అది రెండు మూడు నెలల్లో ఎండి జిగురు ముద్దవుతుంది, వెళ్లేముందు విప్పి చూసుకోవాలి.

సంచీలో టైరు చిల్లు పూడ్చే ప్లగ్ కిట్, ఒక ట్యూబ్, చేతిపంపు, తెగిన చైన్‌ను కలిపే క్విక్ లింక్, డెరైల్యూర్ హ్యాంగర్ (గేరు మార్చే భాగాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క). ఈ చివరిది మోడల్‌ను బట్టి మారుతుంది, కొండ మీది పల్లెలో మీ సైకిల్‌ది దొరుకుతుందని ఆశపడొద్దు. వీపు సంచీలో మూడు లీటర్ల నీళ్లుంటే మూడు కిలోలు పెరిగినట్టే, సంచీ వేసుకుని కూర్చునే సస్పెన్షన్ సర్దుకోండి: వెనక 25 నుంచి 30 శాతం, ముందు 15 నుంచి 20 శాతం కుంగాలి. ఈ-బైక్ బ్యాటరీ 160 వాట్-అవర్లు దాటితే ప్రయాణికుల విమానంలో ఎక్కనివ్వరు, అది అక్కడ అద్దెకే.

నీళ్ల దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. కింద అంత నది ఉంటే పైన నీళ్లు లేకపోవడమేంటి అనిపిస్తుంది. సున్నపురాయి వాననంతా మింగేస్తుంది. నీరు పగుళ్లలోంచి దిగి లోయ అడుగున ఊటలుగా బయటపడుతుంది. పీఠభూమి మీద ఒక్క వాగు కూడా కనిపించదు. ఆ మింగుడు ఎంతటిదో చూడాలంటే కోస్ మెజాన్ మీదే ఉన్న అవెన్ అర్మాన్ గుహలోకి దిగాలి, 1897లో బయటపడింది. మేకలు, గొర్రెల కోసం కట్టిన రాతి గుంటలు, లవోన్యలు, కనిపిస్తాయి, వాటిలోది తాగే నీరు కాదు. గంటకు 700 మి.లీ. లెక్కన ఇంతకుముందు చెప్పిన 30 కి.మీ. రూటుకు మూడు లీటర్లు కింద నుంచే మోసుకెళ్లాలి. ఊళ్లో కుళాయి మీద "నాన్ పొతాబ్ల్" అని రాసి ఉంటే తాగొద్దని అర్థం.

తిండికీ ఇదే ముందుచూపు కావాలి. పల్లె దుకాణాలు మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా, ఇంకొంచెం ఎక్కువసేపు కూడా, మూస్తారు. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా అసలే నమ్మకం లేదు. వేరుశెనగ చిక్కీ తీసుకెళ్లండి. నెయ్యి డబ్బా, మాంసం పచ్చడి మాత్రం వద్దు, యూరోపియన్ యూనియన్‌లోకి బయటినుంచి పాల, మాంసం సరుకులు తేనివ్వరు.

దారి గుర్తులు నేర్చుకుంటే ఫోన్‌తో పని తగ్గుతుంది. సైకిల్ రూట్లకు ఒక త్రిభుజం, రెండు గుండ్రాలు. ఆకుపచ్చ తేలిక, నీలం, ఎరుపు, ఆపై నలుపు అతి కష్టం. ఎరుపు-తెలుపు గీతలు, ఒంటి పసుపు గీతలు నడిచేవాళ్లవి. ఆ రంగుల్లోనే కొట్టేసిన గుర్తు కనిపిస్తే అటు వెళ్లొద్దని. ల రోజియే ఊరి పైన శిఖరాల వెంబడి పోయే కాలిబాటల్లో ఇనుప నిచ్చెనలు కూడా ఉన్నాయి, సైకిల్ భుజాన వేసుకున్నా దారి లేదు. లోయలో సిగ్నల్ సరిగా అందదు, ఐజీఎన్ (ఫ్రాన్స్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) 1:25,000 మ్యాపు ముందే ఆఫ్‌లైన్‌గా దింపుకోండి. అందులో సెం.మీ.కి 250 మీటర్లు. దిగే బాట నదికి ఏ గట్టున తేలుతుందో కూడా అందులోనే చూసుకోవాలి. సాంతెనిమి, లా మలేన్, లే వీన్ ఊళ్ల దగ్గర వంతెనలున్నాయి, వాటి మధ్యలో తప్పు గట్టున తేలితే వంతెన దాకా చాలా దూరం పోవాలి.

బెంగళూరులో సాధనకు నందికొండ ఎక్కుడుకు బాగుంటుంది, దిగుడుకు కాదు, అది నున్నటి తారు, పైగా కార్లు. అవతి గుట్టల్లో రాతిపలకల మీద బ్రేకు వదలడం నేర్చుకోండి. సొంతూరికి వెళ్లే దారిలో పడితే మదనపల్లె దగ్గరి హార్సిలీ హిల్స్ ఘాట్‌లో ఆపకుండా ఎక్కే దమ్ము కూడగట్టుకోవచ్చు.

మే, జూన్, సెప్టెంబర్ మంచి నెలలు. జులై, ఆగస్టులో ఎండ 35 డిగ్రీలు దాటొచ్చు, రోడ్డంతా కాయక్ పడవలు మోసే వ్యాన్లు. శరదృతువులో సెవెన్ (Cévennes) అనే కొండల మీద కుండపోత వానలు పడి నది గంటల్లో పొంగుతుంది. తడిసిన సున్నపురాయి, దాని మీద ఆకులు, బురద ఉంటే ఏ టైరూ నిలవదు. సెప్టెంబర్ నుంచి వేట కాలం కూడా. "షాస్ ఆం కూర్" (వేట జరుగుతోంది) బోర్డు కనిపిస్తే రూటు మార్చుకోండి, ముదురు రంగు జెర్సీ వద్దు.

గొర్రెల మందను కాసే పెద్ద తెల్ల కుక్కలు ఎదురైతే సైకిల్ దిగి, దాన్ని మీకూ కుక్కకూ మధ్య పెట్టుకుని నెమ్మదిగా చుట్టూ నడవండి. మన వీధుల్లో చేసినట్టు రాయి కోసం వంగితే అది మందపై దాడిగానే తీసుకుంటుంది. గేటు తీసినవాళ్లే వేయాలి. సాయంత్రం కాళ్లు, మోకాళ్ల వెనక రక్తం పీల్చే టిక్ పురుగులు పట్టాయేమో చూసుకోండి, ఈ గడ్డిలో ఉంటాయి.

ఫ్రాన్స్ వెళ్లడానికి తీసుకునే షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల ఆరోగ్య బీమా కావాలి. కొన్ని పాలసీలు కొండ సైక్లింగ్‌ను ప్రమాదకర క్రీడ కింద తీసేస్తాయి, చిన్న అక్షరాలు చదవండి. ప్రమాదం జరిగితే 112కి ఫోన్ చేసి, ఊరి పేరు కాకుండా ఫోన్‌లో కనిపించే అక్షాంశ రేఖాంశాలు చెప్పాలి. పీఠభూమి మీద ఊరు పది కిలోమీటర్ల అవతల ఉండొచ్చు.