నాలుగో దెబ్బకు రాజు తిరుగుతాడు

నేను తయారుచేస్తున్న ఫోను ఆటను పాత ఫోనులో 50 సార్లు ఆడితే 47 సార్లు అందులోని సేవకుడి తల తెగింది. అదే పూట, అదే వేలితో, నేను రోజూ వాడే ఫోనులో 50కి 9 సార్లే. మూడు వారాలుగా కొత్త బొమ్మ ఒక్కటీ గీయకుండా ఈ తేడా వెనుకే తిరుగుతున్నాను. నిన్న రాత్రి దాని తోక దొరికింది.

కిందటిసారి రాసిన తరువాత ఆట మారింది కాబట్టి ముందు అది చెబుతాను. పానపాత్ర పట్టుకున్న సేవకుడు సింహాసనం వెనుక నిలబడి ఉంటాడు. తెర మీద వేలు ఆనించి ఉంచినంతసేపు అతని గోటి కింద దాచిన విషం పాత్రలోకి రాలుతుంది, 100 మిల్లీసెకన్లకు ఒక చుక్క. రాజు ఉంగరంతో సింహాసనం చేతిని మూడుసార్లు కొడతాడు. దెబ్బకూ దెబ్బకూ మధ్య 400 మిల్లీసెకన్లు. నాలుగో దెబ్బ పడవలసిన క్షణంలో దెబ్బ పడదు, రాజు తల వెనక్కి తిరుగుతుంది. ఆలోపు వేలు ఎత్తెయ్యాలి. ఎత్తకపోతే తరువాతి దృశ్యంలో సేవకుడి తల వెండి పళ్ళెంలో ఉంటుంది, రాజు ఆ పళ్ళెం అంచు నుంచే ద్రాక్షపండు తీసుకుని తింటూ ఉంటాడు. విషం చాలినంత పడితే రాజు పక్కకు ఒరుగుతాడు, కిరీటం సేవకుడి నెత్తికెక్కుతుంది, అతని వెనుక మరో సేవకుడు వచ్చి నిలబడతాడు. చనిపోయిన రాజుల పటాలు గోడ మీద వరుసగా పెరుగుతూ పోతాయి. పటాల గోడ పూర్తయింది, బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్రిటాలో గీశాను, చాలా బాగా వచ్చింది.

ఈ ఆటలో నవ్వు పుట్టేది ఒకే చోట. ఇంకొక్క చుక్క అనుకుని ఆశపడ్డవాడు ఆ చుక్కకే పట్టుబడాలి. తప్పు తనదేనని వేలికి తెలియాలి. ఫోను ఆలస్యం వల్ల తల తెగితే మాత్రం నవ్వు రాదు, కోపం వస్తుంది, ఆట మూసేస్తారు. అందుకే దీన్ని చిన్న లోపమని వదిలేయలేకపోయాను.

మొదట వేలు ఎత్తిన క్షణాన్ని, రాజు తిరిగిన క్షణాన్ని ఒక ఫైలులో రాయించాను. కొత్త ఫోనులో సగటున 22 మిల్లీసెకన్లు ముందుగా ఎత్తుతున్నాను. పాత ఫోనులో 96 మిల్లీసెకన్లు ఆలస్యంగా ఎత్తుతున్నాను. మొత్తం తేడా 118. నా అనుమానం ముందుగా తెర వేగం మీదికి పోయింది. కొత్తది 120 హెర్ట్జ్, అంటే సెకనుకు 120 ఫ్రేములు చూపిస్తుంది, పాతది 60. కానీ లెక్క వేస్తే ఒక ఫ్రేము 8.3 మిల్లీసెకన్లు, రెండోది 16.7. ఈ ఎనిమిదితో ఆ 118ని పూడ్చలేం.

తరువాత టచ్. వేలు ఎత్తిందా లేదా అని, ఆట కడుతున్న ఇంజిన్ గోడోలో, ఫిజిక్స్ ప్రాసెస్ అనే భాగం లోపల చూస్తున్నాను. అది సెకనుకు 60 సార్లే నడుస్తుంది. దాన్ని తీసేసి, టచ్ వచ్చినప్పుడల్లా నడిచే ఇన్‌పుట్ ఫంక్షన్‌లోకి మార్చాను, సమయాన్ని మైక్రోసెకన్ల గడియారం నుంచి తీసుకున్నాను. ‘యూజ్ అక్యుములేటెడ్ ఇన్‌పుట్’ అనే సెట్టింగు కూడా ఆపేశాను, లేకపోతే టచ్ కదలికలను ఫ్రేముకు ఒకసారి మూటగట్టి ఇస్తుంది. పాత ఫోనులో ఆలస్యం 96 నుంచి 84కు దిగింది, కొత్తదానిలో ముందుగా ఎత్తడం 22 నుంచి 27కు పెరిగింది. తేడా ఇప్పుడు 111. మేలే, కానీ చావులు తగ్గలేదు.

ఇక మిగిలింది శబ్దం. ఎవరైనా ఈ ఆటను చెవితో ఆడతారు. మూడు దెబ్బల లయ పట్టుకుని నాలుగోదానికి కాస్త ముందు వేలు ఎత్తుతారు. శబ్దమే ఆలస్యంగా వస్తే లయ మొత్తం వెనక్కి జరుగుతుంది, వేలు దాని వెంటే పోతుంది. దీన్ని కొలవడానికి స్లో మోషన్ కెమెరా వాడమని చాలామంది అంటారు. 240 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము 4.17 మిల్లీసెకన్లు కాబట్టి అదీ పనికొస్తుంది, కానీ ఫ్రేములు లెక్కపెట్టి కళ్ళు కాయలు కాస్తాయి. నాకు గోటి పద్ధతే నచ్చింది. తెర తాకగానే ఉంగరం దెబ్బ వినిపించేలా ఒక ఖాళీ దృశ్యం తయారుచేసి, అద్దాన్ని గోటితో టక్కున కొట్టి, పక్కన మైకుతో రికార్డు చేయాలి. శబ్దాన్ని గీతగా చూపే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే రెండు ముళ్ళు కనిపిస్తాయి, ఒకటి గోరు, ఒకటి ఉంగరం. వాటి మధ్య దూరమే మొత్తం ఆలస్యం. ఒక్కో ఫోనులో 20 సార్లు కొట్టాను. కొత్తదానిలో సగటు 71, పాతదానిలో 168. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో పాత ఫోను 300 దాటింది, దాన్ని ఇప్పటికి పక్కన పెట్టాను.

168 నుంచి 71 పోతే 97. నేను వెతుకుతున్న 111లో 97 దొరికినట్టే. మిగిలిన 14ను కొలతలో పొరపాటు అనుకుని వదిలేశాను. ఆ 14 దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఆడియో ఆలస్యం ఎంతో ఇంజిన్‌నే అడగవచ్చు, దానికో ఫంక్షన్ ఉంది. పాత ఫోనులో అడిగితే 40 చెప్పింది. గోరు చెప్పిన దానిలో నాలుగో వంతు కూడా కాదు. ఫోను లోపల ఆ తరువాత జరిగేది ఇంజిన్‌కు కనిపించదు, కాబట్టి ఆ అంకెను నమ్మి ఆట కట్టకూడదని నా అభిప్రాయం. ఆడేవారి చేతే కొలిపించడం మేలు. ఉంగరం 16 సార్లు మోగుతుంది, దానితోపాటు తెరను తాకుతూ పోవాలి. మొదటి తాకిడులు ఎప్పుడూ చెదురుతాయి కాబట్టి సగటు కాకుండా మధ్యస్థ విలువ తీసుకున్నాను. కొత్త ఫోను 43, పాతది 139. గోటి కొలత కన్నా రెండూ తక్కువ రావడం చూసి కంగారుపడనక్కరలేదు. లయకు తాకేటప్పుడు మనుషులు దెబ్బకు కొన్ని పదుల మిల్లీసెకన్ల ముందే తాకుతారు, సంగీతం నేర్చినవారికి కూడా అది పూర్తిగా పోదు. నాకు కావలసింది వాటి మధ్య తేడా. అది 96, గోటి లెక్కకు ఒక్కటే తక్కువ! ఆ అంకె చూసినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

పాత ఫోనులో, పట్టుబడ్డామా లేదా అని ఆట తేల్చే క్షణాన్ని 96 మిల్లీసెకన్లు ఆలస్యం చేశాను, బొమ్మను కూడా అంతే జరిపాను. ఇంకో మార్పు కూడా చేశాను. మూడు దెబ్బలను టైమరుతో విడివిడిగా మోగిస్తే 400 ఉండాల్సిన సందు 391 నుంచి 428 వరకు ఊగుతోంది. మూడింటినీ ఒకే ఆడియో ఫైలులో అతికించేశాను. ఇక ఊగదు.

మళ్ళీ 50 ఆటలు. కొత్త ఫోనులో 7 చావులు, పాతదానిలో 17.

47 నుంచి 17కు రావడం సంతోషమే. కానీ 7కు రావాలి. ఫైలు తెరిస్తే పాత ఫోనులో వేలు సగటున 12 మిల్లీసెకన్లే ముందు లేస్తోంది, కొత్తదానిలో 27. వేడెక్కి ఫ్రేములు పడిపోతున్నాయేమోనని అరగంట చల్లార్చి ఆడాను, మార్పు లేదు. పవర్ ఆదా ఆపాను, లేదు. తెర మీద రక్షణ అద్దం తీసేశాను, లేదు.

చివరికి ఆటనే తిరగేసి చూశాను. విషం దానంతట అదే రాలుతుంది, ఆపడానికి తెర తాకాలి. వేలు ఎత్తడానికి బదులు వేలు పెట్టడం. పాత ఫోనులో 50 ఆటలకు 8 చావులు, సగటు 26 ముందు. ఎత్తినప్పుడు 12, పెట్టినప్పుడు 26. తేడా 14.

నేను వదిలేసిన 14 ఇదే. గోటితో కొట్టడం తాకడమే, లయకు కొలిపించినదీ తాకడమే. ఆట మాత్రం ఎత్తడం మీద నడుస్తుంది. వేలు నిజంగా లేచిందని నిర్ధారించుకోవడానికి పాత ఫోను టచ్ తెర కాస్త ఆగుతోందని నా ఊహ. అలా ఆగకపోతే వేలు సన్నగా వణికినా పట్టు తప్పినట్టు లెక్కపడుతుంది.

తాకే పద్ధతికే మారిపోతే సమస్య పోతుంది, కానీ ఆట ప్రాణం కూడా పోతుంది. వేలు నొక్కిపట్టి ఉన్నంతసేపు ద్రోహం మన చేతిలో ఉంటుంది. దానంతట అదే రాలే విషాన్ని ఆపేవాడు కుట్రదారు ఎలా అవుతాడు? కాబట్టి కొలత తెరను మారుస్తాను. 16 సార్లు వేలు ఆనించి, దెబ్బ వినగానే ఎత్తాలి. రేపు రెండు ఫోనుల్లోనూ అదే పని.

ఇది కుదిరాక కొత్త రాజు వస్తాడు. నల్ల సముద్రం ఒడ్డున ఉండిన ప్రాచీన రాజ్యం పాంటస్‌కు రాజైన మిత్రిదాతీస్ రోజూ కొద్దికొద్దిగా విషం మింగి ఒంటికి అలవాటు చేసుకున్నాడని, చివరికి ఓడిపోయి తానే చావాలని విషం తాగితే అది ఎక్కలేదని చెబుతారు. అతనికి రెట్టింపు చుక్కలు పెడతాను, మూడు దెబ్బల్లో సరిపోవు, రెండు విడతలుగా సాహసించాలి. పటంలో అతను మిగతావారికన్నా ఆరోగ్యంగా కనిపించాలి.

శబ్దం ఆపి ఆడేవారి కోసం ఒక పక్షి. విషం దగ్గరుంటే చకోరం కళ్ళ రంగు మారుతుందని కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఉంది. సింహాసనం పక్క పంజరంలో దాన్ని కూర్చోబెట్టాను. చూసి స్పందించడానికి మనిషికి పావు సెకను పడుతుంది కాబట్టి రాజు తిరగడానికి కనీసం 400 మిల్లీసెకన్ల ముందు కన్ను మారాలి. మొదట కన్ను ఐదు పిక్సెళ్ళే ఉండేది, చిన్న తెరలో కనిపించలేదు. ఎనిమిదికి పెంచి మూడు రకాల ఎరుపులు వేశాను. ఎండిన మిరపకాయ రంగు ఉన్నది మిగతా రెండింటికన్నా ముందు కంటికి తగులుతోంది.