ముత్యాల దండ

"ఇన్నూ నీరు కుడీరి", ఇంకా నీళ్లు తాగండని కన్నడలో అంది సిస్టర్ మూడోసారి. బెంగళూరు జయనగర్‌లో కడుపు స్కానింగ్ కోసం అప్పటికే లీటరు బాటిల్ ఖాళీ చేశాను.

రిపోర్టులో "పాలిసిస్టిక్" అన్న మాట చూడగానే గుండె జారింది. ఆపరేషనేమో అనుకున్నా. డాక్టరమ్మ కాగితం మీద ముత్యాల దండలా చిన్న చిన్న సున్నాలు గీశారు. ఇవి గడ్డలు కావట, ఎదగకుండా ఆగిపోయిన అండాల సంచులట. నెలసరి తప్పడం, గడ్డం కింద వెంట్రుకలు, అన్నీ కలిపి పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య అన్నారు. బరువు 5 శాతం తగ్గినా నెలసరి దారిలో పడొచ్చట.

ఆ వెంట్రుకలు చూసుకుని ఎన్నేళ్లు ఏడ్చానో. నా తప్పు కాదని ఈరోజే ఒకరు చెప్పారు.

అమ్మకి ఫోన్ చేస్తే, "పెళ్లివాళ్లకి చెప్పకే" అంది.

చెప్తానమ్మా. ముందు చెల్లికి చెప్తాను. దానికీ మూడు నెలలుగా రాలేదు.