కుడితి

పడుకుని గంట దాటింది. ఏసీ ఉంది, కరెంటూ ఉంది, నిద్రే లేదు. సాయంత్రం డాబా మీద బావ అన్న మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. ఇక లాభం లేదని లేచొచ్చి టైపు చేస్తున్నా. పొద్దున చదువుకుని తీసేస్తానేమో కూడా.

సంగతి ఇంతే. మృగశిర వచ్చి వారమైనా బెజవాడలో చినుకు లేదు. డాబా కడిగి చాప వేశాం. సుబ్బు సంచిలో అరడజను లైట్ బీర్లు తెచ్చి మధ్యాహ్నమే మా ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లాడు. ఎవరూ తెమ్మనలేదు, తన డబ్బే. మిరపకాయ బజ్జీలు దిగాయి. బావ ఒక్క గుటక వేసి గ్లాసు పిట్టగోడ మీద పెట్టేశాడు. "ఇది బీరేంట్రా, కుడితి" అన్నాడు. సుబ్బు నవ్వాడు. ఏం అనాలో తోచనప్పుడు సుబ్బు అలాగే నవ్వేస్తాడు. బావ ఆగొచ్చు కదా, ఆగలేదు. "బియ్యం వేస్తార్రా ఇందులో, ఖర్చు కలిసొస్తుందని. అందుకే రుచీ పచీ ఉండదు." రెండో వాయి బజ్జీలు తెచ్చిన అమ్మ పళ్లెం పెట్టేసి మాట్లాడకుండా దిగిపోయింది.

బావ కంకిపాడు పక్కన పుట్టిన మనిషి. వాళ్ల నాన్నగారు ఇప్పటికీ బీపీటీ 5204 వేస్తారు. బాపట్లలో పుట్టి 1986లో బయటికొచ్చిన ఆ సాంబమసూరి తినే ఇంతవాడయ్యాడు. ఆ నోటితో బియ్యం అన్న మాటని తిట్టులా వాడాడు. నాకు మండింది అక్కడే.

డాలస్‌లో బావ గరాజులో బీరు కాస్తాడని పాతవాళ్లకి తెలుసు. కాయడం అంటే మనకి సారా గుర్తొస్తుంది కానీ అక్కడ అది చట్టం ఒప్పుకున్న సరదా. 1978లో కార్టర్ సంతకం పెట్టాడు, 1979 ఫిబ్రవరి నుంచి అమలు. మనిషికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇంట్లో ఇద్దరు పెద్దలుంటే 200, అమ్మకూడదు. ఇక్కడ లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజు కేసు, కాబట్టి ఇది చదివి ఎవరూ కుక్కర్లు ఎక్కించకండి. ఇంట్లో కాసుకునేవాళ్లలో చాలామందికి ఈ చవక లైట్ లాగర్లంటే (చలిలో పులియబెట్టే తేట బీర్లు) చిన్నచూపు. నీళ్లు అంటారు, ఇంకా చాలా అంటారు. 1516 నాటి బవేరియా చట్టం కూడా ఎత్తుతారు: బార్లీ, హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పువ్వులు), నీళ్లు, అంతే, బియ్యం కల్తీ అని. అదే చట్టంలో బీరుని పులియబెట్టే ఈస్ట్ పేరు కూడా లేదు. ఆ సంగతి మాత్రం ఎత్తరు.

అమెరికా బీర్లోకి బియ్యం ఎందుకొచ్చింది? 19వ శతాబ్దంలో బొహీమియా, జర్మనీల నుంచి వెళ్లినవాళ్లు అక్కడి ఆరు వరసల బార్లీతో లాగర్ కాశారు. దాంట్లో ప్రోటీను ఎక్కువ. చల్లబడితే బీరు మసకబారేది, తాగితే బరువుగా ఉండేది. పిండిని చక్కెర చేసే ఎంజైములు మాత్రం అవసరానికి మించి ఉండేవి. ప్రోటీను దాదాపు లేని పిండి ఏదైనా కలిపితే రెండూ సర్దుకుంటాయి. కలిపింది బియ్యం, మొక్కజొన్న. చవకదనం సంగతి తర్వాత, ముందు బీరు తేటగా రావాలి. ఇవాళ అక్కడి మిల్లులు బ్రూవర్స్ రైస్ అని అమ్మేది ఏంటో తెలుసా? నూకలు. అచ్చంగా మన నూకలే.

అసలు బావకి బియ్యం మీద కోపం ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. పక్కనే ఉండి చూశాను.

ఇంట్లో బీరు కాసేవాళ్ల గుంపులో ఎవరో "నీకు లైట్ లాగర్ చేయడం వచ్చా" అన్నారట. బావ పట్టాడు. 20 లీటర్లకి లెక్క సరిగానే వేశాడు: పిల్స్నర్ మాల్ట్ 2.3 కిలోలు, బియ్యం కిలో, 4 శాతం ఆల్ఫా (చేదునిచ్చే ఆమ్లం) ఉన్న హాలర్‌టావ్ రకం హాప్స్ 20 గ్రాములు, లాగర్ ఈస్ట్ 11.5 గ్రాముల ప్యాకెట్లు రెండు. మొదటి గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే చిక్కదనం) 1.038, చివరికి 1.006కి దిగితే ఆల్కహాలు 4.2 శాతం. కాగితం మీద వంక పెట్టడానికేం లేదు.

మాల్ట్ అంటే వేరే ఏమీ కాదు, మన రాగి మాల్ట్ పద్ధతే. బార్లీని మొలకెత్తించి ఆరబెడతారు. ఆ మొలకలోని ఎంజైములే పిండిని చక్కెర చేస్తాయి. మరపట్టిన బియ్యానికి సొంత ఎంజైములు లేవు, బార్లీ దగ్గర అరువు తెచ్చుకోవాలి. పైగా బార్లీ పిండి 60–65 డిగ్రీలకే ఉడికి వదులవుతుంది. బియ్యానికి 70 దాటాలి, కొన్ని రకాలకి 78 దాకా వెళ్లాలి. 65 డిగ్రీల మాష్‌లో, అంటే వేడినీళ్లలో నానే మాల్ట్‌లో, పచ్చి బియ్యం పోస్తే గంటన్నర తర్వాత కూడా నానిన బియ్యమే మిగులుతుంది. అందుకని ముందు విడిగా గంజి కాయాలి. కిలో బియ్యాన్ని రవ్వ పట్టించి, ఆ మాల్ట్‌లోంచే పావుకిలో తీసి కలిపి, 5 లీటర్ల నీళ్లతో 70 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచి, ఆపైన అరగంట తెర్లించాలి. అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. ఆ పావుకిలో మాల్టే గంజిని పలచగా ఉంచేది. బావ దాన్ని అనవసరం అనుకున్నాడు. సోనామసూరి కుక్కర్లో పెట్టి నాలుగు విజిల్స్ వేయించాడు. మూత తీస్తే ముద్ద. దాన్ని అలాగే మాష్‌లో వేసి తెడ్డుతో కుమ్మాడు.

కుళాయి తిప్పితే చుక్క రాలేదు. బార్లీకి పొట్టు ఉంటుంది, అది అడుగున పరుచుకుని జల్లెడలా పనిచేస్తుంది. అన్నానికి పొట్టేది? మొత్తం మూసుకుపోయింది. రెండు గంటలు తెడ్డు, వేడినీళ్లు, తిట్లు. అక్క గరాజు తలుపు తీసి చూసి, మళ్లీ వేసుకుంది. మర్నాడు బావ బ్రూ సామాన్ల షాపు నుంచి ఒక ప్యాకెట్టు తెచ్చాడు. పైన రైస్ హల్స్ అని ఉంది. విప్పి చూస్తే ఊక! మనూళ్లో మిల్లు వెనక గుట్టలుగా పడి ఉండే ఊక. బాయిలర్లోకి, ఇటుక బట్టీలకి తోలే ఊక. దాన్ని డాలర్లు పెట్టి, బిల్లు వేయించుకుని తెచ్చాడు. ధూళి పోయేలా కడిగి, మొత్తం గింజ బరువులో 5 శాతం కలిపితే మాష్ బిగుసుకోదట, నిజమే, పనిచేస్తుంది. నేను ఆ రోజు నవ్వింది ఇంకా మర్చిపోలేదనుకుంటా.

తర్వాతి వారం రెండో బ్యాచ్. ఊక వేశాడు, రసం దిగింది. ఈసారి తప్పులు వేరేచోట. పొయ్యికి 25 లీటర్లు తెర్లించే సత్తా లేక మూత పెట్టాడు. పిల్స్నర్ మాల్ట్‌ని లేతగా ఆరబెడతారు కాబట్టి అందులో ఒక గంధకపు పదార్థం మిగిలి ఉంటుంది. మరిగినప్పుడు అది డీఎంఎస్ అనే వాసన పదార్థంగా మారి ఆవిరితో పోవాలి. మూత పెడితే ఆ ఆవిరి నీరై మళ్లీ గిన్నెలోకే జారుతుంది. ఉడికిన మొక్కజొన్న వాసన. 90 నిమిషాలు మూత లేకుండా మరిగించి గబగబా చల్లార్చాలి, వేరే దారి లేదు. ఈస్ట్ రెండు ప్యాకెట్లు చెప్పాను కదా, ఒకటే వేశాడు, అదీ 24 డిగ్రీల దగ్గర. లాగర్‌కి ఈస్ట్ ఏల్‌కి (వెచ్చగా పులిసే బీరుకి) వేసేదానికి రెట్టింపు కావాలి, చలిలో పనిచేయాలి కనక. 10–12 డిగ్రీల్లో పులియాలి. ముప్పాతిక వంతు పులిశాక రెండు మూడు రోజులు 16–18కి పెంచాలి, అప్పుడే ఈస్ట్ తను వదిలిన డయాసిటైల్‌ని (వెన్న వాసన ఇచ్చే పదార్థం) తనే వెనక్కి తీసుకుంటుంది. ఆపైన 0–2 డిగ్రీల్లో నెల రోజులు. ఆ రెండు మూడు రోజుల వెచ్చదనం బావ మర్చిపోయాడు. సీసా తీస్తే పాప్‌కార్న్ మీద పోసే వెన్న వాసన. అంతకుముందే కొంచెం గిన్నెలోకి తీసి, మూతపెట్టి 60 డిగ్రీల్లో 20 నిమిషాలు ఉంచి, చల్లార్చి వాసన చూసి ఉంటే తెలిసిపోయేది.

మొక్కజొన్నా వెన్నా కలిసిన ఆ 20 లీటర్లకి బావ ఇచ్చిన తీర్పు: "బియ్యం వల్లే." అప్పటి నుంచి ఐపీఏలే, అంటే హాప్స్ దండిగా వేసే చేదు బీర్లే, కాస్తున్నాడు. 20 లీటర్లకి 250 గ్రాముల హాప్స్ గుమ్మరిస్తే కింద ఏ తప్పు జరిగినా పైకి రాదు. అక్క కాచే చారులో చింతపండు రవ్వ ఎక్కువైతే మొదటి ముద్దకే తెలుస్తుంది. అదే ముక్కల పులుసైతే ములక్కాడా బెల్లమూ కాపాడేస్తాయి. బావ పులుసుల వంటవాడు.

ఇంతవరకూ రాసి, గెలిచినట్టే అనుకుని మంచినీళ్లు తాగొచ్చాను. వస్తూ ఫ్రిజ్ తీశాను. సుబ్బు తెచ్చినవి రెండు మిగిలాయి. ఒకటి తీసి అరగ్లాసు పోసుకున్నాను. సాయంత్రం బజ్జీల కారంలో, కోపంలో రుచి పట్టించుకోలేదు. ఇప్పుడు చల్లదనం తగ్గే దాకా ఆగి వాసన చూశా.

తడిసిన అట్టపెట్టె.

సన్నగానే, కానీ ఉంది. చివర్న కొంచెం పాత తేనె లాంటి తీపి. ఇది ఆక్సిజన్ పని, వేడి పని. సీసా గోధుమరంగుదే, కాబట్టి వెలుతురు వల్ల వచ్చే కంపు కాదు. మెడ మీద లేబుల్ చూస్తే తయారై ఐదో నెల. అప్పుడు గుర్తొచ్చింది. సుబ్బు వీటిని ఇవాళ కొనలేదు. మే మొదట్లో కొని, తన రేకుల గదిలో మంచం కింద దాచాడు, బావ వస్తాడని. మే నెల, బెజవాడ, రేకుల గది.

బ్రూవరీల్లో ఒక మోటు లెక్క చెప్పుకుంటారు: 3, 30, 300. సుమారు 32 డిగ్రీల్లో 3 రోజులు పడే ముసలితనం, 22 డిగ్రీల్లో 30 రోజులకి, ఫ్రిజ్ చల్లదనంలో 300 రోజులకి వస్తుందని. మనకి 32 డిగ్రీలంటే రాత్రి పూట. ఆ మంచం కింద ఆరు వారాలంటే ఎన్నేళ్లో లెక్క వేయబుద్ధి కాలేదు. ఐపీఏ అయితే ఇంకా ఘోరంగా చచ్చేది, హాప్స్ వాసనే ముందు పోతుంది, కానీ ఆ మాట నాకు ఇప్పుడు అక్కరకి రాదు.

అంటే బావ నాలుక తప్పు చెప్పలేదు. కారణం తప్పు చెప్పింది, అంతే. ఇది నాకు ఇంకా చిరాగ్గా ఉంది. పూర్తిగా తప్పు మాట్లాడే మనిషితో ఎలాగోలా వేగొచ్చు.

ఇంకోటి. పైన నేను చేసిన వాదనంతా ఏంటి? ఇది చేయడం కష్టం కాబట్టి గౌరవించండి అని. పెద్ద ఫ్యాక్టరీల పనితనం గొప్పదే. చిక్కగా కాసి పులియబెట్టి, చివర్లో ఆక్సిజన్ తీసేసిన నీళ్లతో పలచన చేసి, ఏ ఊరి ఫ్యాక్టరీలో నింపినా ఒకే రుచి వచ్చేలా చూస్తారు. బావ గొట్టంతో సీసాల్లోకి వంచేటప్పుడే అంతకు ఎన్నో రెట్ల గాలి కలుస్తుంది. సరే. అయితే ఏంటి? చేయడం కష్టమైనంత మాత్రాన తాగేవాడికి రుచి వస్తుందా? సుబ్బు దగ్గర ఈ మాటలన్నీ చెప్తే మళ్లీ అదే నవ్వు నవ్వుతాడు. వాడికి కావాల్సింది చల్లగా ఉండటం, తాగాక స్కూటర్ నేను తోలడం. ఆ గ్లాసుని బావ నీళ్లన్నాడు, నేను విద్య అన్నాను. వాడు మాత్రం బావకని ఆరు వారాలు దాచాడు.

లైట్ అన్న మాట దగ్గర కూడా ఇద్దరూ వేరే వేరే చోట్ల ఉన్నారు. మన షాపులో లైట్ అంటే స్ట్రాంగ్ కానిది, 5 శాతం లోపుది. అమెరికాలో లైట్ అంటే క్యాలరీలు తగ్గించింది. 1967లో జోసెఫ్ ఓవేడ్స్ అనే రసాయన శాస్త్రవేత్త మిగిలిపోయే పిండి ముక్కల్ని కూడా ఎంజైముతో విరగ్గొట్టి, పులియకుండా ఏదీ మిగలని బీరు తయారుచేశాడు. గాబ్లింగర్స్ పేరుతో డైటు బీరని అమ్మితే ఎవరూ కొనలేదు. 1975లో మిల్లర్ లైట్ దేశమంతా వచ్చింది, ఆటగాళ్ల చేత ప్రకటనలు చెప్పించారు, జనం ఎగబడ్డారు. 355 మిల్లీలీటర్లకి 96 క్యాలరీలు. బావ తిట్టేది దాన్ని. తాగింది ఇంకోదాన్ని.

రేపు మూడు గ్లాసుల పరీక్ష పెడదామనుకుంటున్నా. రెండింట్లో ఒకటే బీరు, మూడోదాంట్లో వేరేది, తేడా ఏదో కనిపెట్టాలి. రుచి చూసేవాళ్లు నిజంగా వాడే పద్ధతే. మిగిలిన ఈ సీసా ఒకటి, అదే బ్రాండు కొత్త నెలది షాపులో ఫ్రిజ్ లోంచి తెచ్చింది ఒకటి. రెండూ 7 డిగ్రీల దగ్గర, ఐసులా చల్లగా వద్దు, నాలుక మొద్దుబారుతుంది. బజ్జీలు పరీక్ష అయ్యాకే. రెండింట్లోనూ ఉన్న గింజలు అవే కాబట్టి బియ్యం సంగతి తేలిపోతుంది. సుబ్బుకి రేకుల గది సంగతి చెప్పను, బావకి చెప్పాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.

వంటింట్లోకి వెళ్లి చూశాను. ఒకే రకం గాజు గ్లాసులు రెండే ఉన్నాయి. మూడోది మొన్న చిట్టి పగలగొట్టింది.