వాదించే చేతితో లా జర్నల్‌కు వ్యాసం

కోర్టులో ప్రాక్టీసు చేసే న్యాయవాది లా జర్నల్‌కు ఏదైనా రాయాలని కూర్చుంటే, అలవాటు కొద్దీ కలం నుంచి ముందుగా వచ్చేది రాతపూర్వక వాదనే. వాస్తవాలు క్లుప్తంగా, ఆ తర్వాత చట్ట నిబంధన, దాని వెంట తనకు అనుకూలమైన తీర్పుల వరుస, చివరికి ‘కనుక’ అంటూ ఒక ప్రార్థన. విశాఖ జిల్లా కోర్టులో సివిల్, క్రిమినల్ కేసులు రెండూ చూసుకుంటూ, వీలు చిక్కినప్పుడు జర్నళ్ళకు రాస్తూ, ఈ మధ్య జూనియర్ల చిత్తుప్రతులు కూడా దిద్దుతున్న నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. ప్రతికూలమైన తీర్పును ఎదుటి న్యాయవాది చూపించేదాకా ఆగి, చూపించాక ‘మా కేసుకు వర్తించదు’ అని పక్కకు జరపడం కోర్టు హాలులో సాగితే సాగవచ్చు గాని, జర్నల్‌లో వ్యాసం ఆ ప్రతికూలమైన తీర్పు దగ్గరే మొదలు కావాలి.

మా ఆఫీసులో జూనియర్‌గా ఉన్న ఒకమ్మాయి ‘ఎలక్ట్రానిక్ సాక్ష్యం – ఒక పరిశీలన’ అన్న శీర్షికతో చిత్తుప్రతి తెచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ కోరే పాత సాక్ష్య చట్టంలోని 65-బి సెక్షన్, దానిపై సుప్రీంకోర్టు తీర్పులైన 2014లో అన్వర్ పి.వి. కేసు, 2020లో అర్జున్ పండిట్‌రావ్ ఖోట్కర్ కేసు, పాత చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్, అన్నీ వరుసగా ఉన్నాయి. తప్పు పట్టడానికి ఏమీ లేదు, అయితే జర్నల్ చదివేవారికి తెలియనిది కూడా ఏమీ లేదు. “ఇంతకీ నీ ప్రశ్న ఏమిటమ్మా?” అని అడిగాను. కాసేపు కాగితాలు అటూ ఇటూ తిప్పి, “సార్, మొన్న అద్దె కేసులో మనం వాట్సాప్ చాట్‌ను సాక్ష్యంగా మార్క్ చేయించబోతే, పార్ట్ బి ఎవరు నింపారని అబ్జెక్షన్ పెట్టారు కదా, అది రాయవచ్చా?” అంది.

రాయవలసింది అదే. కొత్త చట్టం 63(4) కింద ఇచ్చే సర్టిఫికెట్‌కు షెడ్యూల్‌లో ఒక నమూనా ఉంది. అందులో పార్ట్ ఎ పార్టీ నింపాలి, పార్ట్ బి నిపుణుడు నింపాలి, రెండింటిలోనూ హ్యాష్ విలువ (ఫైలు తర్వాత మారిందో లేదో పట్టిచ్చే గుర్తు) రాయాలి. ఆ నిపుణుడు ఎవరు? అదే చట్టం 39(2) చెప్పే, ఐటీ చట్టం 79-ఎ కింద ప్రభుత్వం నోటిఫై చేసిన ఎలక్ట్రానిక్ సాక్ష్య పరీక్షకుడు మాత్రమేనా, లేక 39(1) ప్రకారం ఆ విద్యలో ప్రత్యేక పరిజ్ఞానం ఉన్న ఎవరైనా సరిపోతారా? గాజువాకలో నాలుగు నెలల అద్దె బాకీ కోసం దావా వేసిన ఇంటి యజమాని రెండు పేజీల చాట్ కోసం నోటిఫై అయిన సంస్థ దాకా వెళ్ళాలా అన్నది చర్చకు నిలిచే ప్రశ్న. ఆమె వెంటనే చిన్న కక్షిదారు కష్టాల గురించి రెండు పేజీలు రాసుకొచ్చింది. ఆ రెండు పేజీలనూ వెనక్కి జరిపి, ముందుగా ఎదుటి పక్షాన్ని రాయమన్నాను. పాత 65-బిలో లేని నిపుణుడి సంతకాన్ని శాసనకర్తలు కొత్తగా చేర్చారంటే దానికి ఒక ప్రయోజనం ఉండి ఉండాలి. స్క్రీన్‌షాట్‌ను మార్చడం ఎంత తేలికో ఫోను వాడే ప్రతివారికీ తెలుసు. పక్క వీధిలో మొబైల్ రిపేరు చేసే కుర్రవాడి సంతకం కూడా చాలుననుకుంటే పార్ట్ బి పెట్టి ప్రయోజనం ఏమిటి? ఈ ప్రశ్నకు బలమైన సమాధానం చెప్పగలిగితేనే 39(1) వైపు మొగ్గే వ్యాసం నిలబడుతుంది. నా మొగ్గు కూడా అటువైపే, కానీ సమాధానం వెతకవలసింది రాసేవారే.

మన ఊరి విషాదంపై వచ్చిన వ్యాసాలలోనూ ఇదే తేడా కనిపించింది. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైన మరునాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తాను కేసు చేపట్టి, కంపెనీని 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమంది. ఆ ఉత్తర్వులో ‘స్ట్రిక్ట్ లయబిలిటీ’ (తప్పు రుజువు కాకపోయినా, కొన్ని మినహాయింపులతో, మోపే బాధ్యత) అన్న మాట ఉంది. ఢిల్లీ ఓలియం వాయువు కేసులో సుప్రీంకోర్టు 1986 డిసెంబరులోనే, మినహాయింపులకు తావు లేని ‘అబ్సల్యూట్ లయబిలిటీ’ సూత్రాన్ని ప్రతిపాదించింది కాబట్టి ట్రిబ్యునల్ పాత ఇంగ్లిష్ సూత్రానికి వెనుదిరిగిందన్న విమర్శ వచ్చింది. విమర్శ సబబే. అయితే హరిత ట్రిబ్యునల్ చట్టం 17(3) ప్రమాదాల విషయంలో తప్పు ఎవరిదన్న ప్రశ్నతో నిమిత్తం లేకుండా బాధ్యత మోపమంటున్నప్పుడు, ట్రిబ్యునల్ ఏ పేరు వాడితే ఫలితం ఏం మారుతుందన్న ఎదురుప్రశ్న ఒకటుంది. దాన్ని ఎదుర్కోకుండా రెండు సూత్రాల మధ్య తేడాలను పట్టిక వేసి ముగించే వ్యాసం పరీక్ష జవాబు పత్రంలాగే ఉంటుంది.

ఇక తీర్పుల ఉదహరింపు. తీర్పు పైన సంపాదకులు రాసే సారాంశం, అంటే హెడ్‌నోట్, తీర్పులో భాగం కాదని అందరికీ తెలుసు, అయినా హెడ్‌నోట్ చదివి రాసిన పేరాలు వస్తూనే ఉంటాయి. ఇందులో కాపీరైటు ప్రశ్న కూడా ఉంది: ఈస్టర్న్ బుక్ కంపెనీ వర్సెస్ డి.బి. మోదక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం తీర్పు మూలపాఠం ఎవరైనా వాడుకోవచ్చు గాని, సంపాదకులు తమ నైపుణ్యంతో చేర్చినవి వారివే. కాబట్టి తీర్పునే తెరిచి, పేరా సంఖ్యతో ఉదహరించాలి. సుప్రీంకోర్టు తీర్పులు ఆ కోర్టు ఆన్‌లైన్ సంకలనం ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి, 2023 నుంచి న్యూట్రల్ సైటేషన్ (ఏ ప్రచురణకర్తతోనూ నిమిత్తం లేకుండా కోర్టే తీర్పుకిచ్చే సంఖ్య) కూడా ఉంది కనుక, బార్ లైబ్రరీలో ఆ సంపుటం బైండింగుకు వెళ్ళిందన్న సాకు ఇక చెల్లదు. కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాక సెక్షన్ సంఖ్యలతో మరింత జాగ్రత్త పడాలి. హైకోర్టు అంతర్నిహిత అధికారాలకు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో 482 ఉండేది, ఇప్పుడది దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 528. బీఎన్ఎస్ఎస్‌లో 482 అంటే ముందస్తు బెయిలు. ఏ చట్టమో చెప్పకుండా ‘482 కింద’ అని రాస్తే చదివేవారు తికమకపడతారు. కృత్రిమ మేధ ఇచ్చిన తీర్పుల పేర్లను సరిచూడకుండా కోర్టులో దాఖలు చేసిన న్యాయవాదులకు 2023లో న్యూయార్క్‌లో 5,000 డాలర్ల జరిమానా పడింది. అటువంటి పేరు వ్యాసంలో దొర్లితే, జరిమానా పడకపోయినా, ఆ సంపాదకుడు మన తర్వాతి వ్యాసాన్ని తెరవకపోవచ్చు.

ఎక్కడికి పంపాలన్నది వ్యాసం స్వభావాన్ని బట్టి ఉంటుంది. ఎస్‌సీసీ, ఎ.ఐ.ఆర్. వంటి తీర్పుల సంకలనాల జర్నల్ విభాగాలను వృత్తిలో ఉన్నవారు చదువుతారు. అక్కడ పార్ట్ బి ప్రశ్న సూటిగా నప్పుతుంది. ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ జర్నల్ వంటి చోటికి పంపాలంటే ఇతర దేశాల చట్టాలు, ఇంతకుముందు పండితులు రాసినవి కూడా చూసి ఉండాలి. అందుకు ఆంధ్ర విశ్వవిద్యాలయ న్యాయ కళాశాల గ్రంథాలయంలోనో, సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలోనో కొన్ని సాయంత్రాలు గడపక తప్పదు. ఫుట్‌నోట్ల పద్ధతి జర్నల్‌కొకటి. ఏది అడిగితే అది పాటించడమే. ఒకే వ్యాసాన్ని ఒకేసారి రెండు చోట్లకు పంపడాన్ని మన దేశంలో చాలా జర్నళ్ళు అంగీకరించవు. డబ్బు కట్టగానే వారంలో అచ్చువేస్తామనే ఉత్తరాలు వచ్చినప్పుడు నేను వాటిని పూర్తిగా చదవను కూడా. వ్యాసాన్ని పరిశీలించేవారికి రచయిత పేరు తెలియకూడదన్న నియమం ఉన్నచోట, మొదటి పేజీలో పేరు తీసేసి ఊరుకోకుండా ఫైలు ప్రాపర్టీస్‌లోనూ తీసేయాలి. ‘ఈ రచయిత వాదించిన కేసులో’ అనే ఫుట్‌నోట్ ఒక్కటున్నా దాచినదంతా బయటపడుతుంది.

సొంత కేసుల గురించి రాయడంలో అసలు చిక్కు వేరే. కక్షిదారు మనకు చెప్పిన విషయాలు, సాక్ష్య అధినియమ్ 132వ సెక్షన్ ప్రకారం, అతని అనుమతి లేకుండా బయటపెట్టరానివి. బార్ కౌన్సిల్ నియమావళిలోని 36వ నియమం ప్రచారాన్ని నిషేధిస్తూ, తాము నడిపిన కేసులకు సంబంధించి పత్రికల్లో వ్యాఖ్యలు రాయించుకోవడాన్ని కూడా అందులో చేర్చింది. అందుకే మా జూనియర్ వ్యాసంలో అద్దె కేసు పేరు, కోర్టు, పార్టీలు ఏవీ లేకుండా, అబ్జెక్షన్‌ను మాత్రం ప్రశ్నగా ఉంచాం. కేసు ఇంకా విచారణలో ఉంది కూడా.

అంగీకారానికీ అచ్చుకూ మధ్య నెలలు గడుస్తాయి, ఆ నెలల్లో ఏ హైకోర్టో మన ప్రశ్నకే జవాబు చెప్పి ఉండవచ్చు. ప్రూఫ్ చేతికి వచ్చిన రోజు అక్షర దోషాల కంటే ముందు తీర్పుల వెతుకులాట మళ్ళీ ఒకసారి మొదటి నుంచి చేసి, మన వాదనకు వ్యతిరేకంగా ఏదైనా వచ్చి ఉంటే దాని పేరు, పేరా సంఖ్య, దానికి మన సమాధానం సంపాదకుడికి ఆ రోజే పంపాలి.